నిండిన గొట్టం

మా బిల్డింగుల మూడో అంతస్తుల కిరాయికుండే ఉదయశ్రీని ఎవరన్న రాతిగుండెది అంటే నాకు ఒళ్ళు మండుతది. అన్నది బయటోళ్ళు కాదు, ఆమె ఇంటోళ్ళే. నేను ఓనరమ్మను, కిరాయి తీసుకుని సప్పుడు చెయ్యకుండ ఉండాలె. కానీ నా నోరు ఊకుండదు, నల్లగండ్ల మొత్తానికి ఎరుకే నా నోటి సంగతి. మా ఆయన వీరేశం అయితే నేను మాట్లాడనీకి మొదలువెడితే చాలు, టీవీ సౌండు పెంచుతడు. పెంచుకోనియ్యి. ఈ ముచ్చట మాత్రం చెప్పకుండ నేను ఉండలేను.

ఉదయశ్రీది తణుకు దిక్కు. పెండ్లికి ముందు అమీర్‌పేట హాస్టల్ల ఉండి కంప్యూటర్ కోర్సు చేసింది, మాదాపూర్ల కొలువు కొట్టింది. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ల తప్పులు పట్టే పనంట ఆమెది. మా ఇంటికి వచ్చిన కొత్తల ఆ పిల్ల నోటికి అడ్డూ ఆపూ లేకుండె. మెట్లెక్కుతుంటే ఫోన్ల మాట్లాడేది, బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ మీదికెళ్ళి కిందికి వంగి నాతోని మాట్లాడేది. "ఆంటీ, జొన్నరొట్టెలు చేశారాండీ, వాసనొస్తోంది" అనుకుంట నా వంటింట్లకు వచ్చి పీటేసుకుని కూసునేది. గోదారి పిల్ల, పచ్చిపులుసుల ముంచుకుని నాకంటే ఒక రొట్టె ఎక్కువ తినేది. నేను ఆ మనిషిని చూసిన. అందుకే ఇప్పటి మనిషిని చూస్తే నాకు గింత కోపం.

ఆమె మొగుడు పార్థసారథి. ఆయనదీ సాఫ్ట్‌వేరే, ఇంకా పెద్ద పోస్టు. చెడ్డోడు అని చెప్పనీకి లేదు. తాగడు, చెయ్యెత్తడు, గొంతు కూడ లేపడు. దేనికైనా ఒకటే మాట, "మేనేజ్ చేద్దాం ఆంటీ." వాటర్ ట్యాంకర్ రాకపోతే మేనేజ్ చేద్దాం, లిఫ్టు ఆగితే మేనేజ్ చేద్దాం. ఆయన తల్లి కనకలక్ష్మమ్మ మడి మనిషి. గ్లాసు మూతికి ఆనిచ్చి తాగితే ఆ గ్లాసు మళ్ళ వంటింట్లకు రావద్దు, నీళ్ళు ఎత్తి పోసుకోవాలె. కూరల ఉప్పు చూడొద్దు, కరివేపాకు రెబ్బ నోట్లేసుకున్న చెయ్యితోని ఇంకో రెబ్బ తెంపొద్దు. ఒక్క మొగుడి ఎంగిలి మాత్రం ఆమె లెక్కల ఎంగిలి కాదు. పండగ పూట కొడుకు తిని లేచిన విస్తట్లనే కోడలు కూసుని తినాలె. "భార్యాభర్తలకి ఎంగిలేమిటండీ, వాళ్ళిద్దరూ ఒకటే కదా" అని నాకు చెప్పేది. అప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడొస్తలేదు.

ఒకరోజు మా వంటింట్లనే జొన్నరొట్టె ముక్క ఆమె గొంతుల ఇరికింది. నీళ్ళు తాగి దించుకుంది. ఇద్దరం నవ్వుకున్నం. తర్వాత రొట్టె తినుడు బందయింది, అటెన్క అప్పడం, అటెన్క పప్పన్నం కూడ మజ్జిగ పోసుకుంటెనే దిగుతుండె. నాలిక పోయి అంగిట్ల అతుక్కునేది. మాట మధ్యల ఆగి సీసా అందుకునేది. కండ్లల్ల ఇసుక పోసినట్టు గరగర అంటున్నదని ఒకటే రుద్దుకునేది. ఆఫీసుల ఏసీకి అట్లయితదిలే అనుకున్నరు. ఏసీ కింద కూసునేటోళ్ళు ఈ సైబరాబాద్ల లక్షలమంది ఉన్నరు, అందరు సీసా సంకల పెట్టుకుని తిరుగుతున్నరా ఏంది?

నాలుగు మాటలకు ఒక గుక్క తాగే మనిషి, ప్రతిసారి సీసా పైకెత్తి పోసుకుంట కూసుంటదా? మూతికి ఆనిచ్చే తాగేది. గదే కొంప ముంచింది. ఎప్పుడు చూసినా కనకలక్ష్మమ్మ గొంతు మా కిందికి వినపడేది. "ఆ ఎంగిలి సీసా పట్టుకుని దేవుడి గదిలోకి వస్తావేమిటే! కాస్త ఓర్చుకోలేవా?" శ్రావణమాసం నోముకు నన్ను పిలిస్తే పోయిన. కథ చదువుతున్న ఉదయశ్రీకి సగంల నాలిక కదలలే. పుస్తకం పీట మీద పెట్టి లేచిపోయి నీళ్ళు తాగొచ్చింది. పేరంటానికి వచ్చినోళ్ళు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నరు. కనకలక్ష్మమ్మ ఆ పుస్తకం గుంజుకుని మిగిలింది తనే చదివింది. అక్షింతలు పట్టుకుని ఆ పిల్ల తలొంచుకుని కూసున్నది, తప్పు చేసినదాని లెక్క.

అదే ఏడు ఆమె నాయిన పోయిండు. తణుకు పోయి దినాలు అయినంక వచ్చింది. నేను పలకరియ్య పోతే, నాకంటే ముందు కనకలక్ష్మమ్మ అందుకుంది. "కన్నతండ్రి పోతే చుక్క నీరు రాలేదండీ దాని కంట్లోంచి. అక్కడ వాళ్ళంతా నన్నడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను." నేను ఉదయశ్రీ మొఖం చూసిన. కండ్లు ఎర్రగ వాచి ఉన్నయి, తడి లేదు. "ఏడుపు లోపలే ఉందండీ ఆంటీ, బయటికి రావట్లేదు" అన్నది మెల్లగ. గిదేదో ఏసీ రోగం కాదు, దవాఖానకు తోల్కపో అని పార్థసారథిని పట్టుకుని గట్టిగనే అన్న.

పోయిన్రు. డాక్టరు విని, కండ్లు నోరు చూసి, రక్తం తీయించిండు. రక్తం రిపోర్టు అటూ ఇటూ కాకుండ వచ్చింది. ఒంట్ల రోగాలతోని కొట్లాడే బలమే ఒక్కోసారి పొరపాటున మన ఒంటి మీదనే పడతదంట. ఉమ్మి ఊరే గ్రంథులను, కన్నీళ్ళు ఊరే గ్రంథులను తినుకుంట పోతదంట. అదే అని తేల్చుకోవాలంటే రెండు తొవ్వలున్నయన్నడు డాక్టరు. ఒకటి, పెదవి లోపల చిన్న ముక్క తీసి చూసుడు. రెండోది కొత్త పరీక్ష, ఇంకా పరిశోధనల ఉన్నది. ఆ రోగం ఉన్నోళ్ళ ఉమ్మిల కొన్ని గుర్తులు తేలుతయంట. ఒక ల్యాబోళ్ళు ఇంటికే గొట్టం పంపుతరు, అండ్ల ఊంచి ఇస్తే చూసి చెప్తరు. రోగం ఉందని తేలితే మందులు షురూ చెయ్యొచ్చు, గ్రంథులు మొత్తం పాడుగాకముందే కనిపెట్టుకుని ఉండొచ్చు.

"పెదవి కోయిస్తారా! ఇంటి కోడలి మొహం మీద కత్తి పెట్టిస్తారా!" అని కనకలక్ష్మమ్మ గొడవ. అట్ల ఉమ్మి పరీక్షే ఖాయమైంది. ఉదయశ్రీ ఎంత సంబురపడ్డదో ఏం చెప్పాలె. "ఇందులో తేలిపోతుందండీ ఆంటీ. జబ్బుందని కాగితం మీద వస్తే చాలు, అప్పుడైనా నమ్ముతారు" అన్నది. రోగం ఉండాలని మొక్కుకునే మనిషిని నేను గామెనే చూసిన.

పరీక్ష నాటి పొద్దున జరిగింది నాకు అప్పుడు తెల్వది. తర్వాత ఉదయశ్రీ చెప్పింది, ఇప్పుడే చెప్తున్న. పరిగడుపున, మొఖం కూడ కడగకముందు ఊంచాలె. గొట్టం మీద ఒక గీత ఉన్నది. ఆమె నోరు తెరిచి, తలొంచి, ఎంతసేపు కూసున్నా గొట్టం అడుగు కూడ తడవలే. కనకలక్ష్మమ్మ చింతకాయ తెచ్చి ముక్కు కింద పెట్టింది. లాభం లేదు. మాగాయ జాడీ తెచ్చి మూత తీసింది. అదీ లేదు. నురగ లెక్క రెండు చుక్కలు వచ్చినయి, అంతే. గొట్టం తీస్కపొయ్యేటాయన కింద మా వరండల కూసుని ఉన్నడు. నేనే చాయ్ ఇచ్చిన. "డబ్బల ఐసు కరిగిపోతదమ్మా, జర జల్ది చెయ్యమనండి" అంటున్నడు. పైన పార్థసారథికి ఆఫీసు మీటింగు టైమైంది, చెవిల ఇయర్‌ఫోన్ పెట్టుకునే ఉన్నడంట.

"గీత దాకా లేకపోతే రిజెక్ట్ చేస్తారు ఉదయా" అన్నడు. గొట్టంతోని వచ్చిన కాగితంల ఏమున్నదో ఎవరు చదవలే. రోజంతా ఇంగ్లీషు చదివే ఇద్దరున్న ఇల్లు అది. ఆయన ఆ గొట్టం ఆమె చేతుల నుంచి తీసుకున్నడు. ఉదయశ్రీ వద్దన్నదంట. "నాది కావాలండీ వాళ్ళకి, మీది కలిపితే ఎలా?" అంటే, మడి మనిషి కనకలక్ష్మమ్మ తీర్పు చెప్పింది. "మొగుడి ఎంగిలి నీకు ఎంగిలేమిటే? వాడి విస్తట్లో తినడంలేదూ? ఇద్దరిదీ ఒకటే. కానివ్వరా అబ్బాయ్, కింద మనిషి కూర్చున్నాడు." ఆయన గీత దాకా ఊంచి మూత పెట్టిండు.

కిందికి తెచ్చినప్పుడు నేను చూసిన ఆ గొట్టం, నిండుగ ఉన్నది. "గింత ఎట్లొచ్చింది అయ్యా?" అని అడిగిన. నవ్విండు. "మేనేజ్ చేశాం ఆంటీ." పులుపు తినిపిచ్చిన్రు కావొచ్చు అనుకున్న నేను. మొగుడే పెండ్లాం గొట్టంల ఊంచి ఇస్తడని ఎవరికి తోస్తది చెప్పున్రి?

రిపోర్టు వచ్చింది. ఏ గుర్తులూ లేవు, అంతా బాగనే ఉంది. ఎందుకుండదు? ఆయన నోరు బాగనే ఉన్నది కదా! ఆయన ఊంచిన ఉమ్మి, ఆయన రిపోర్టు, చదువుకున్నది ఆయన, నమ్మింది కూడ ఆయనే. "చూశావా, నార్మల్ వచ్చింది. నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అన్నడంట పెండ్లాంతోని. ఆ కాగితం చూసి డాక్టరు కూడ టెన్షన్ కావొచ్చన్నడు, గోలీలు రాసిచ్చిండు. ఆ గోలీలు వేసుకుంటే ఉన్న తడి కూడ ఆరిపొయ్యే రకమంట, అది ఆలస్యంగ తెలిసింది.

ఇగ ఆ ఇంట్ల ఆమెకు విలువ లేకుండ పోయింది. నీళ్ళు తాగితే నాటకం, తినకపోతే నాటకం. కండ్లల్ల చుక్కలు వేసుకుంటే, "రిపోర్టు బాగానే ఉందిగా, ఇంకా ఎందుకే ఇవన్నీ" అని అత్త. చుట్టాలు ఫోన్ చేస్తే, "దానికి అనుమానం జబ్బండీ" అని చెప్పుడు. పెదవి ముక్క తీయించుకుంటనని ఉదయశ్రీ రెండుమూడు సార్లు అడిగింది. ఒకసారి టెస్టు అయింది కదా అన్నడు మొగుడు. ఆఫీసుల మీటింగుల మాట తడబడి, నీళ్ళ కోసం ఆగి ఆగి, వస్తది అనుకున్న పెద్ద పోస్టు ఇంకెవరికో పోయింది. మా వంటింట్లకు వచ్చుడు బందు పెట్టింది. ఎప్పుడన్న మెట్ల మీద కనపడితే చేత్తోని సైగ చేసి పోయేది. పిట్టగోడ మీదికెళ్ళి మాట్లాడిన పిల్లేనా ఇది అనుకునేదాన్ని.

అట్ల రెండేండ్లు నడిచింది. పండ్లు ఒక్కొక్కటి పుచ్చిపోవుడు మొదలయింది. చెవి కింద దవడ వాస్తే, గవదబిళ్ళలని కనకలక్ష్మమ్మ పసుపు పట్టు వేసింది. తగ్గింది, మళ్ళ వాచింది. ఒకరోజు ఇడ్లీ తింటుంటే ముందు పన్ను విరిగింది. ఇడ్లీ! పార్థసారథి ఢిల్లీల ఉన్నడు, ఆఫీసు పని మీద. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మా ఇంటికి దిగొచ్చింది. నేను చెప్పులేసుకుని ఆటో పిలిచిన.

పండ్ల డాక్టరమ్మ పేరు ఆమని. చిన్న క్లినిక్కే, మా దగ్గరనే. విరిగిన పన్ను సంగతి తర్వాత, ముందు ఆమె నోరంత చూసింది, నాలిక చూసింది, దవడ కింద వేళ్ళు పెట్టి నొక్కింది. ఒక ప్లాస్టిక్ కప్పు ఇచ్చి, "నోరు మూసుకుని కూర్చోండి. ఏం తినొద్దు, నమలొద్దు. ఊరినంత ఊరనిచ్చి ఇందులో వేయండి" అని లోపల ఇంకొకరి పండ్లు చూడనీకి పోయింది. ఉదయశ్రీ కప్పు పట్టుకుని, కండ్లు మూసుకుని, గట్టిగ ప్రయత్నం చేస్తున్నది. నాకు చూడబుద్ధి కాలే.

డాక్టరమ్మ వచ్చి చెయ్యి చాపింది. ఉదయశ్రీ ఇయ్యలే. కప్పు ఒళ్ళ పెట్టుకుని, "సారీ మేడం, నిండలేదండీ. ఇంకొంచెం టైమిస్తే..." అన్నది.

"సారీ ఎందుకండీ? నిండకపోవడమే కదా నాకు కావలసింది" అన్నది డాక్టరమ్మ. "ఈ ఖాళీ కప్పే సగం రిపోర్టు. ఇంతకుముందు ఎవరూ ఉమ్మి చూడలేదా?"

ఉదయశ్రీ బ్యాగులకెళ్ళి పాత రిపోర్టు తీసిచ్చింది. డాక్టరమ్మ చదివి, మళ్ళ చదివింది. "గొట్టం నిండా ఇచ్చారని ఉందిక్కడ. ఈ నోట్లోంచా?"

అప్పుడు చెప్పింది ఉదయశ్రీ, చింతకాయ నుంచి గీత దాకా మొత్తం. "నావీ రెండు చుక్కలున్నాయి కదండీ అందులో. జబ్బుంటే ఆ రెండిట్లోనైనా కనపడుతుంది కదా అనుకున్నాను. తప్పులు పట్టే ఉద్యోగమే నాది. ఇంత తప్పు నాకు కనపడలేదు" అన్నది. డాక్టరమ్మ ఆ రిపోర్టు మడిచి తిరిగిచ్చింది. "ఆ రోజు ఖాళీ గొట్టం పంపినా సరిపోయేదమ్మా. ఎందుకు ఖాళీగా ఉందని వాళ్ళే అడిగేవాళ్ళు" అన్నది.

పెదవి ముక్క తీసిన్రు. పప్పుగింజంత కూడ లేదు, కుట్టు కూడ కనపడలే. గా కోతకే రెండేండ్లు భయపడ్డది ఆ ఇల్లు. రోగం అదే అని తేలింది. దవడ కింద గడ్డను కూడ పెద్ద దవాఖానల చూపియ్యమని రాసిచ్చింది డాక్టరమ్మ, ఆలస్యం చెయ్యొద్దని చెప్పి.

పార్థసారథి ఢిల్లీ నుంచి వచ్చినంక నేనే మూడో అంతస్తు ఎక్కిన. వీరేశం వద్దన్నడు, నేను వింటనా? "నేను హెల్ప్ చేద్దామనే చేశానండీ ఆంటీ. తెలియక చేసింది" అన్నడు. మొఖం పాలిపోయి ఉన్నది. "తెల్వక చేసినవ్, సరే. మరి అది నీ ఉమ్మి అని తెలిసి కూడ, నీకేం రోగం లేదని ఆ పిల్లకు రెండేండ్లు ఎట్ల చెప్పినవయ్యా?" అని అడిగిన. కనకలక్ష్మమ్మ మధ్యల వచ్చి, "వాడేం పరాయివాడాండీ, కట్టుకున్నవాడు, భార్య కోసమే కదా చేశాడు" అన్నది. ఇగ ఆమెకు ఏం చెప్పాలె? చెప్పు తీసుకుందామన్నంత కోపమొచ్చింది, పెద్దమనిషి అని ఊకున్న.

గడ్డల నుంచి ముక్క తీసి పంపిన్రు. ఫలితం చెప్పేనాడు నేను కూడ పోయిన, ఉదయశ్రీ రమ్మన్నది. అది మంచి గడ్డ కాదంట. ఈ రోగం ముదిరినోళ్ళల్ల కొందరికి అట్ల మారుతదంట. మందులున్నయి, లొంగుతది అనే ఆశ ఉన్నది, కానీ మొదటినుంచి తెలిసి ఉంటే కనిపెట్టుకుని ఉండేవాళ్ళం అన్నడు పెద్ద డాక్టరు. కాగితం చూసుకుంటనే అన్నడు, ఎవరి దిక్కు చూడలే.

బయట వరండల పార్థసారథి కూలబడ్డడు. రెండు చేతులు మొఖానికి పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చిండు. నిజం ఏడుపే, కాదనను. ఫలితం వినాలని తణుకు నుంచి వచ్చిన చుట్టాలు ఆయన చుట్టూ మూగిన్రు. ఒకాయన వీపు నిమిరిండు, ఒకామె నీళ్ళ సీసా తెచ్చి తాగిచ్చింది. ఆయన ఆ సీసా మూతికి ఆనిచ్చి తాగితే కనకలక్ష్మమ్మ ఏమనలే. "ఎంత ప్రేమండీ పెళ్ళామంటే" అనుకుంటున్నరు. రోగం వచ్చిన మనిషి కొంచెం దూరంల ఇనుప కుర్చీల ఒక్కతే కూసుని ఉన్నది. గోడ దిక్కు చూస్తున్నది. "దానికి చూడండి, చలనం లేదు. తండ్రి పోయినప్పుడూ ఇంతే" అన్నది కనకలక్ష్మమ్మ, అందరికి వినపడేటట్టే.

నేను పోయి పక్కన కూసున్న. "కళ్ళు మండుతున్నాయండీ ఆంటీ. చుక్కలు వేస్తారా, నేను వేసుకుంటే బయటే పడుతున్నాయి" అన్నది. బ్యాగులకెళ్ళి చుక్కమందు తీసి, గదుమ పట్టుకుని పైకెత్తి, రెండు కండ్లల్ల వేసిన. నాకు అలవాటు లేదు, ఎక్కువ పడ్డయి. రెప్పలు మూసేసరికి రెండు దిక్కుల చెంపల మీదికి ధార కారింది.

అది చూసింది కనకలక్ష్మమ్మ. గబగబ వచ్చి ఆమె తల పొట్టకు ఆనిచ్చుకున్నది. "ఏడు తల్లీ, ఏడు. ఇన్నాళ్ళకి నీ మనసు కరిగింది" అని కొంగుతోని ఆ చెంపలు తుడిచింది. చుట్టాలు కూడ మా దిక్కు తిరిగిన్రు. పాపం, పాపం అన్నరు. నాకు ఆగలే. "ఓ అమ్మా, అవి ఆమె కన్నీళ్ళు కాదు..." అని లేవబోయిన. కింది నుంచి ఉదయశ్రీ నా మణికట్టు పట్టుకుని గుంజింది.

"ఉండనివ్వండి ఆంటీ" అన్నది నాకొక్కదానికే వినపడేటట్టు. "ఈసారి కూడా గీత దాకా నిండింది కదండీ."

నేను చుక్కమందు సీసాకు మూత పెట్టిన. ఆమె తన నీళ్ళ సీసా తీసుకుని, అత్త కండ్ల ముందటనే మూతికి ఆనిచ్చుకుని తాగింది.